ఫ్రెండ్స్‌తో వేల్స్ తీరానికి లాంగ్ వీకెండ్: టెన్బీలో మకాం పెట్టి పెంబ్రోక్‌షైర్ చుట్టి రావడం ఎలా

లండన్ అయినా, బర్మింగ్‌హామ్ అయినా, కార్డిఫ్ అయినా మన తెలుగు గ్యాంగులది ఒకటే వరస. ఎండ కాస్త ముఖం చూపించగానే వాట్సాప్‌లో "సమ్మర్ ట్రిప్" అని ఒక గ్రూపు పుడుతుంది. పోల్స్ మీద పోల్స్ పెట్టాక సగం మంది జారుకుంటారు. మిగిలినవాళ్లు ఆఖరి నిమిషంలో ఎక్కడ గది దొరికితే అక్కడికి పోయి, డబ్బులు వదిలించుకుని వస్తారు. ఐదారుగురు స్నేహితులు శుక్రవారం బయల్దేరి సోమవారం రాత్రికి ఇల్లు చేరేలా, వేల్స్ నైరుతి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్ తీరాన్ని హాయిగా చూసి రావాలంటే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఇక్కడ చెబుతున్నాను.

ఈ ట్రిప్పుకి అసలు ఆర్గనైజర్ సముద్రమే. ఆటుపోట్ల పట్టిక ముందు పెట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకుంటే అంతా సాఫీగా జరిగిపోతుంది. పట్టిక చూడకుండా వెళితే ఫొటోలో చూసిన బీచ్ ఉండాల్సిన చోట నీళ్లుంటాయి.

మొదటి పని: తీరంలో ఏ ముక్కకి వెళ్లాలి?

వేల్స్ తీరం పొడవునా నడిచే దారి ఒకటి ఉంది. 2012లో తెరిచారు, 870 మైళ్లు. అంతా మూడు రోజుల్లో చూసేది కాదు కాబట్టి ఒక ముక్క ఎంచుకోవాలి. మాంచెస్టర్, లివర్‌పూల్ వైపు ఉండేవాళ్లకి ఉత్తరాన లాండుడ్నో దగ్గర. స్వాన్సీ పక్కనే గోవర్ ఉంది, ఒక్క రోజులో వెళ్లి రావడానికి అది చాలు. మూడు రాత్రులు చేతిలో ఉంటే మాత్రం నా ఓటు పెంబ్రోక్‌షైర్‌కే. 1952లో నేషనల్ పార్క్ అయింది. బ్రిటన్‌లో ముఖ్యంగా తీరం కోసమే నేషనల్ పార్క్ హోదా పొందింది ఇదొక్కటే.

అందులో మకాం టెన్బీలో పెట్టండి. సెయింట్ డేవిడ్స్ వైపు ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. కానీ గ్యాంగ్ అన్నాక ఒకడికి పబ్ కావాలి, ఒకరికి ఐస్‌క్రీమ్ కావాలి, ఇంకొకరికి కారెక్కకుండా బీచ్ కావాలి. ఆ మూడూ కాలినడకన దొరికేది టెన్బీలోనే. పైగా ఊళ్లోకి రైలు కూడా వస్తుంది.

రెండో పని: తేదీలు. పంచాంగం తీయండి, నవ్వులాటకి కాదు

విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు. అందుకే ఆర్‌కే బీచ్‌కి వెళ్లేముందు మనం ఎప్పుడూ టైమ్ చూసుకోం. టెన్బీలో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా ఏడు మీటర్ల పైచిలుకు ఉంటుంది. పక్కనున్న బ్రిస్టల్ చానెల్ గరాటులా సన్నబడుతూ పోతుంది కాబట్టి లోపలికి వెళ్లేకొద్దీ నీళ్లు ఇంకా ఎత్తుకి లేస్తాయి. ప్రపంచంలోనే అతి పెద్ద ఆటుపోట్లున్న చోట్లలో ఇదొకటి.

పోటు నుంచి ఆటుకి ఆరు గంటల పైన కాస్త పడుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి రోజూ ఆ టైమ్ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో తేడా బాగా ఎక్కువ. అష్టమి దాటిన రోజుల్లో తక్కువ. ఇంతవరకు స్కూల్లో చదువుకున్నదే. టెన్బీలో మనకి పనికొచ్చే విషయం ఇంకొకటుంది. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పొద్దున ఏడు, సాయంత్రం ఏడు ప్రాంతంలో సముద్రం నిండుగా ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంట అటూఇటూగా బాగా వెనక్కి పోతుంది. అష్టమి రోజుల్లో దీనికి తిరగబడి, మధ్యాహ్నం నీళ్లు గోడలదాకా వచ్చి ఉంటాయి. అంటే ఫోన్లో తెలుగు క్యాలెండర్ తెరిస్తే ఆ వీకెండ్ మధ్యాహ్నం బీచ్ ఎంత వెడల్పుంటుందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. క్రికెట్ ఆడాలంటే అమావాస్య దాటిన శనివారం చూసుకోండి. అసలు టైమ్ మాత్రం టెన్బీ ఆటుపోట్ల పట్టికలోనే సరిచూసుకోవాలి. కొన్ని పట్టికలు జీఎంటీలో ఉంటాయి, అంటే గ్రీన్విచ్ టైమ్‌లో, వేసవిలో వాటికి ఒక గంట కలపాలి.

ఇక నెల. జూన్ నా దృష్టిలో ఉత్తమం. రాత్రి తొమ్మిదిన్నరదాకా వెలుతురుంటుంది, స్కూళ్లకి ఇంకా సెలవులు ఇవ్వరు, పఫిన్ పక్షులు ఇంకా దీవుల మీదే ఉంటాయి. జూలై ఆఖరి నుంచి ఆగస్టు అంతా స్కూలు సెలవులు కాబట్టి ఇళ్ల అద్దెలు చుక్కలనంటుతాయి. సెప్టెంబరులో నీళ్లు కాస్త గోరువెచ్చగా ఉంటాయి (వాళ్ల లెక్కలో లెండి), జనం పలచబడతారు. కానీ ఆ నెలలో ఒక ఆదివారం టెన్బీలో ఈత, సైకిల్, పరుగు కలిపిన ఐరన్‌మ్యాన్ పోటీ జరుగుతుంది. రోడ్లు మూసేస్తారు, గదులు దొరకవు. ఆ తేదీ చూసుకుని తప్పించుకోండి. లేదా నిద్ర మానుకుని పొద్దున్నే ఈత మొదలెట్టేవాళ్లని చూడాలనిపిస్తే అదే వారం వెళ్లండి.

మూడో పని: ఇల్లు

ఆరుగురికి హోటల్ గదుల కన్నా మనమే వండుకునే సెల్ఫ్ కేటరింగ్ ఇల్లే లాభం. చాలా ఇళ్లని వేసవిలో వారం లెక్కన ఇస్తారు. సీజన్ కాని రోజుల్లో శుక్రవారం నుంచి సోమవారందాకా మూడు రాత్రులు, సోమవారం నుంచి శుక్రవారందాకా నాలుగు రాత్రులు అన్న షార్ట్ బ్రేక్ పద్ధతి నడుస్తుంది. వారం మధ్యలో నాలుగు రాత్రులు తరచుగా చవకగా వస్తాయి. సెలవు దొరికేవాళ్లు అదీ ఆలోచించండి.

బుక్ చేసేముందు చూడాల్సినవి ఇవి. "ఆరుగురు పడుకోవచ్చు" అని రాసినచోట ఇద్దరికి హాల్లో సోఫా కమ్ బెడ్ ఉంటుంది, అది ఎవరిదో ముందే తేల్చుకోండి. డబుల్ బెడ్లా, ట్విన్ బెడ్లా చూడండి. పార్కింగ్ ఇంటికే ఉందా అని తప్పక అడగండి, పాత ఊరి కోటగోడ లోపలి ఇళ్లకి చాలావరకు ఉండదు. టెన్బీకి స్టాగ్, హెన్ పార్టీల (పెళ్లికి ముందు స్నేహితులతో చేసుకునేవి) తాకిడి ఎక్కువ కాబట్టి కొంతమంది ఓనర్లు కుర్రాళ్ల గ్రూపులంటే భయపడతారు. "మేం ఆరుగురు స్నేహితులం, ఉద్యోగాలు చేసుకుంటున్నాం, పార్టీ కోసం కాదు" అని మొదటి మెసేజ్‌లోనే రాసేస్తే తర్వాత గొడవ ఉండదు.

డిపాజిట్ ఒకరి కార్డు మీద పడుతుంది. మిగతావాళ్లు తమ వాటా అదే రోజు పంపించాలన్నది గ్రూపు రూల్‌గా పెట్టండి. డబ్బు పంపినవాడే వస్తున్నట్టు లెక్క. పోల్‌లో "యస్" నొక్కినవాళ్లని నమ్ముకుని ఇల్లు తీసుకోకండి.

నాలుగో పని: ప్రయాణం

రైలైతే లండన్ పాడింగ్టన్ నుంచి స్వాన్సీకి సుమారు మూడు గంటలు, అక్కడో కార్మార్థెన్‌లోనో మారి టెన్బీ. మొత్తం ఐదు గంటలు అటూఇటూ. ముగ్గురి నుంచి తొమ్మిది మందిదాకా కలిసి వెళితే రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ అనే పథకం కింద టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. టెన్బీ, పక్కూరు సాండర్స్‌ఫుట్ వరకే చూస్తామంటే కారు అక్కర్లేదు. బారాఫండల్ బీచ్, సెయింట్ డేవిడ్స్ కూడా కావాలంటే మాత్రం కారు తీసుకోవడమే మంచిది. వేసవిలో తీరం వెంట తిరిగే చిన్న బస్సులున్నాయి, చెయ్యెత్తితే ఆపుతారు కూడా, కానీ ఆరుగురిని టైమ్‌కి బస్టాపు దగ్గర నిలబెట్టగలనన్న ధైర్యం మీకుండాలి.

కారు తీసుకుంటే: ఇండియా లైసెన్సు మీద బ్రిటన్‌లో స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే నడపొచ్చు. ఇరవై ఐదేళ్లు దాటనివాళ్లకి రెంటల్ కంపెనీలు సాధారణంగా అదనంగా తీసుకుంటాయి. బుకింగ్‌లో పేరున్నవాళ్లే స్టీరింగ్ పట్టుకోవాలి, "కాసేపు నేను తోలతా" అన్న ఉత్సాహం చూపిస్తే ఇన్సూరెన్స్ పోతుంది. ఇంగ్లండ్ నుంచి వేల్స్‌లోకి దాటే సెవెర్న్ వంతెన మీద టోల్ 2018 డిసెంబరులోనే ఎత్తేశారు. ఎం4 మోటర్‌వే మీద చివరిదాకా వెళ్లి ఏ48 పట్టుకుంటే కార్మార్థెన్, సెయింట్ క్లియర్స్ మీదుగా దారి తిన్నగా టెన్బీకే.

వేల్స్‌లోకి అడుగుపెట్టాక మారేది స్పీడు. 2023 సెప్టెంబరు నుంచి ఊళ్లలోని చాలా రోడ్ల మీద పరిమితి గంటకి 20 మైళ్లు. ఇంగ్లండ్ అలవాటుతో 30లో పోతే ఇంటికి నోటీసు వస్తుంది. రోడ్డు మీద "ARAF" (ఆరవ్) అని పెద్ద అక్షరాలు కనిపిస్తే నెమ్మదించమని. బీచ్‌లకి వెళ్లే సందు రోడ్లు ఒక్క కారు పట్టేంతే ఉంటాయి, రెండు వైపులా మనిషెత్తు కంచె పొదలు. ఎదురుగా ట్రాక్టరొస్తే వెనక్కి తీయాల్సింది మీరే. కాబట్టి ఎవరికి బాగా రివర్స్ వస్తుందో వాళ్లకే ఆ రోడ్లలో స్టీరింగ్ ఇవ్వండి. ఇక్కడ సీనియారిటీ చెల్లదు.

చాలా బీచ్‌ల దగ్గర సిగ్నల్ ఉండదు. మ్యాప్స్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పార్కింగ్‌కి కాసిని చిల్లర నాణేలు కారులో పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట పార్కింగ్ యాప్ ఎందుకూ పనికిరాదు.

ఐదో పని: ఎవరికి ఏ పని

లెక్కలు ఒకరు రాయాలి. ఖర్చులు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్ చాలు, కానీ మందు ఖర్చుని వేరే గ్రూపుగా పెట్టండి. తాగనివాళ్ల వాటాలో బీర్లు పడితే మూడో రోజుకి మొహాలు మారతాయి. వంటకి ఇద్దరు. పట్టిక చూసి "ఇంక కదలండి" అని అరవడానికి ఒకరు. ఆ మనిషికి కాస్త పెద్ద గొంతు ఉండాలి, అతని మాట మీద ఎదురు వాదన ఉండకూడదు. ఏ రోజు ఎవరు డ్రైవింగో ముందు రాత్రే తేల్చండి, ఆ రోజు ఆ మనిషి పబ్‌లో కోక్ తాగుతాడు.

ఆరో పని: వంటిల్లు

ఇలాంటి గైడ్‌లలో ఎవరూ రాయని సంగతులు ఇక్కడే ఉన్నాయి. అద్దె ఇళ్లలో ఎక్కువగా ఇండక్షన్ పొయ్యిలు. ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలైతేనే పనికొస్తాయి. అందుకని కుక్కర్ ఇంట్లోనే ఉంచి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తీసుకెళ్లండి. పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, చిమ్నీ ఫ్యాన్ వేసి, వంటింటి తలుపు మూయండి. ఎండుమిర్చి చిటపటలాడిందంటే స్మోక్ అలారం ఇల్లంతా మోగుతుంది. పసుపు చేత్తో తెల్ల తువ్వాళ్లు ముట్టుకోకండి, డిపాజిట్ కోసే కారణాల్లో అది ముందుంటుంది. ఒక పాత తువ్వాలు వంటింటికి ప్రత్యేకంగా పెట్టుకుంటే గొడవ ఉండదు.

కందిపప్పు, కరివేపాకు, చింతపండు లాంటివి తీరంలోని చిన్న ఊళ్లలో దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. బయల్దేరిన ఊళ్లోనో, దారిలో కార్డిఫ్‌లోనో కొనేయండి. బీచ్‌కి పులిహోరని మించింది లేదు. చల్లారినా బాగుంటుంది, ఇసుకలో కూర్చుని స్పూన్ లేకుండా తినొచ్చు, పొద్దున కలిపితే సాయంత్రందాకా నిలుస్తుంది.

మూడు రోజులూ పులిహోరే తిని రావడం కూడా అన్యాయమే. వెల్ష్ కేకులు పెనం మీద కాల్చే చిన్న బిళ్లలు, లోపల ఎండుద్రాక్ష, పైన పంచదార. వేడిగా దొరికితే వదలకండి. కౌల్ అంటే గొర్రె మాంసం, లీక్ (పెద్ద ఉల్లికాడల్లాంటివి) కాడలు, దుంపలు వేసి కాచే పులుసు లాంటిది, గాలిలో తడిసి వచ్చిన సాయంత్రానికి సరిపోతుంది. శాకాహారులు గ్లామోర్గన్ సాసేజ్ అడగండి. పేరు చూసి భయపడొద్దు, చీజ్, లీక్, బ్రెడ్ పొడి కలిపి చేసేది, మాంసం ఉండదు. సముద్రపు నాచుతో చేసే లేవర్‌బ్రెడ్ నల్లగా ముద్దలా ఉంటుంది, అందరూ తలో ముక్క రుచి చూసి ఒకరి మొహాలొకరు చూసుకోవడానికి బాగుంటుంది. చిప్స్ కొన్ని షాపుల్లో పశువుల కొవ్వులో వేయిస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు నూనె ఏదో అడిగి కొనండి. హార్బర్ దగ్గర తినేటప్పుడు వీపు గోడకి ఆనించి నిలబడండి. అక్కడి సీగల్స్ వెనక నుంచి వచ్చి చేతిలో చేప ముక్కని ఎత్తుకుపోతాయి. మన కాకులు కనీసం కాస్త మొహమాటపడతాయి.

ఏడో పని: నీళ్లలో దిగేముందు

గోదావరి జిల్లాల్లో పుట్టినా మనలో చాలామందికి ఈత రాదు. వచ్చినవాళ్లకి కూడా ఇది చెరువు కాదు. ఆగస్టులో ఇక్కడి సముద్రం 16, 17 డిగ్రీలు, మేలో ఇంకా తక్కువ. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగపోస్తుంది, ఆ మొదటి నిమిషంలోనే ప్రమాదం. వెల్లకిలా తేలి, తల వెనక్కి వాల్చి, ఊపిరి అదుపులోకి వచ్చేదాకా ఆగాలి. ఇక్కడి లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ చెప్పేది కూడా ఇదే.

ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి, అక్కడ లైఫ్‌గార్డులుంటారు. నలుపు, తెలుపు గళ్ల జెండా సర్ఫింగ్ బోర్డులకి. ఎర్ర జెండా ఉంటే అసలు దిగొద్దు. నారింజ రంగు గాలి సంచీ ఎగురుతుంటే గాలి ఊదే బొమ్మలు, ట్యూబులు కారులోనే ఉంచండి, గాలి వాటిని సముద్రంలోకి లాక్కుపోతుంది. జీన్స్‌తో, చుడీదార్‌తో దిగొద్దు. వెట్‌సూట్ అద్దెకి దొరుకుతుంది. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి "కోస్ట్‌గార్డ్" అని అడగాలి. మీరు దూకి కాపాడబోవద్దు.

ఆటు వేళ ఇసుకలో వీవర్ అనే చిన్న చేప దాక్కుని ఉంటుంది. కాలికి గుచ్చుకుంటే నొప్పి ప్రాణం తీస్తుంది కానీ ఎక్కువగా ప్రమాదమేమీ ఉండదు. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి ఉంచితే తగ్గుతుంది. పాదాలకి రబ్బరు బూట్లు వేసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇంకో లెక్క. పోటు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. మొదటి గంటలో మొత్తం ఎత్తులో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ తగ్గుతుంది. ఏడు మీటర్ల రోజున మధ్య రెండు గంటల్లో మూడున్నర మీటర్లు, అంటే ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడ్డంత ఎత్తు నీళ్లొస్తాయి. మొదటి గంట చూసి "ఏం కాదులే, నెమ్మదిగానే వస్తోంది" అనుకుని రాళ్ల మలుపు దాటినవాళ్లే ఇరుక్కుంటారు. మలుపులు దాటే నడకలన్నీ నీళ్లు వెనక్కి పోతుండగా మొదలుపెట్టి, పూర్తి ఆటు టైమ్‌కల్లా తిరుగు ముఖం పట్టండి.

ఎనిమిదో పని: రోజుల అమరిక

ఏ రోజు ఏం మూసి ఉంటుందన్నదే అసలు చిక్కు. కాల్డీ దీవికి ఆదివారం పడవలు లేవు. స్కోమర్ దీవి మీద బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) కాని సోమవారాల్లో దిగనివ్వరు. సెయింట్ గోవన్స్ గుడికి వెళ్లే దారి మిలిటరీ కాల్పుల రేంజ్ గుండా పోతుంది, పని రోజుల్లో మూసేస్తుంటారు, శని ఆదివారాల్లో మామూలుగా తెరిచి ఉంటుంది. ఈ మూడూ కలిపి చూస్తే వరస దానంతటదే తేలుతుంది.

శుక్రవారం సాయంత్రం ఏమీ పెట్టుకోవద్దు. సామాను పడేసి పాత ఊళ్లో తిరగండి. పదమూడో శతాబ్దపు కోటగోడ ఇంకా నిలబడి ఉంది, ఐదు తోరణాల గుమ్మం ముందు గ్రూపు ఫొటో ఎలాగూ తీస్తారు. వేసవి పగళ్లలో గోడ లోపలికి కార్లు రానివ్వరు, బయటే ఆపుకోవాలి. లెక్కలంటే పడనివాళ్లకి చూపించాల్సిన సంగతి ఒకటి ఈ ఊళ్లో ఉంది: మనం రోజూ గీసే సమాన గుర్తుని 1557లో తొలిసారి అచ్చు పుస్తకంలో వాడిన రాబర్ట్ రికార్డ్ పుట్టింది టెన్బీలోనే.

శనివారం కాల్డీ. హార్బర్ నుంచి పడవలో ఇరవై నిమిషాలు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు పడవలు హార్బర్‌లోంచి కాకుండా కాసిల్ బీచ్ నుంచి బయల్దేరతాయి, ఎక్కడెక్కాలో బోర్డు చూసుకోండి. దీవిలో సన్యాసులుంటారు, వాళ్ల మఠంలో చేసే చాక్లెట్లు, సెంట్లు అమ్ముతారు. ఆఖరి పడవ టైమ్ చూసుకునే పని పట్టిక చూసే మనిషికే అప్పజెప్పండి. మధ్యాహ్నం ఆటు ఉన్న వారమైతే తిరిగొచ్చాక కాసిల్ బీచ్ నుంచి సెయింట్ కాథరిన్స్ దీవి దాకా ఇసుక మీద నడిచి వెళ్లొచ్చు, పైన పంతొమ్మిదో శతాబ్దపు కోట ఉంది. క్రికెట్ ఇక్కడే. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, బంతి లేస్తుంది. గంట గంటకీ పిచ్ మార్చాల్సి వస్తే అది సముద్రం డిక్లరేషన్ అనుకోండి.

కాల్డీ వద్దనుకుంటే శనివారమే స్కోమర్ పెట్టుకోండి. ఏప్రిల్ నుంచి జూలై మూడో వారందాకా పఫిన్లు మనిషి కాళ్ల పక్కనుంచే బొరియల్లోకి నడిచిపోతాయి, నోట్లో వరసగా చిన్న చేపలు పట్టుకుని. మార్టిన్స్ హేవెన్ నుంచి పడవ. టికెట్లు బాగా ముందే అయిపోతాయి, ఇల్లు బుక్ చేసిన రోజే ఇవీ తీసేయండి. గాలి ఎక్కువైతే పడవ రద్దు చేస్తారు, అప్పుడు కాల్డీ కూడా అనుమానమే. అలాంటి రోజుకి టెన్బీ నుంచి సాండర్స్‌ఫుట్ దాకా కొండ అంచు దారి ఉంచుకోండి, నాలుగు మైళ్లు. దూరం చూసి తేలిగ్గా తీసుకోవద్దు, ఎక్కడం దిగడం బాగా ఉంటుంది. అక్కడి నుంచి పాత బొగ్గు రైలు సొరంగాల్లోంచి వైజ్‌మన్స్ బ్రిడ్జి దాకా చదును దారి. మాట్లాడుకుంటూ నడవాలంటే అదే బాగుంటుంది.

ఆదివారం పొద్దున సెయింట్ గోవన్స్. కొండ చీలికలో ఇరుక్కున్నట్టు కట్టిన చిన్న రాతి గుడి, సముద్రం వైపు దిగే మెట్లు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ మెట్ల లెక్క ఒక్కటి రాదని అక్కడివాళ్ల నమ్మకం. అందర్నీ గట్టిగా మాట్లాడకుండా లెక్కపెట్టమనండి, పైకొచ్చాక పంచాయితీ చూడాలి! అక్కడి నుంచి బోషర్‌స్టన్ కలువ చెరువుల పక్కగా నడిచి బ్రాడ్ హేవెన్ సౌత్ బీచ్‌కి రావొచ్చు. జూన్, జూలైల్లో కలువలు విచ్చుకుని ఉంటాయి.

తర్వాత బారాఫండల్. స్టాక్‌పోల్ క్వే దగ్గర కారు ఆపి కొండ మీదుగా అర మైలు నడవాలి, బీచ్ దాకా కారు పోదు. అందుకే అంత అందంగా మిగిలింది. బీచ్ మీద షాపు లేదు, టాయిలెట్ లేదు, లైఫ్‌గార్డు లేడు. క్వే దగ్గరే పనులు కానిచ్చుకుని, నీళ్లు, పులిహోర, చెత్త సంచీ పట్టుకుని వెళ్లండి. కూలర్ బాక్సు మోసేవాడికి మెట్ల దగ్గర చేయూత అవసరం. డిస్పోజబుల్ బార్బెక్యూ కాల్చిన బొగ్గుల్ని ఇసుకలో పూడ్చొద్దు. పైకి కనపడకపోయినా గంటల తరబడి వేడిగా ఉండి పిల్లల కాళ్లు కాలతాయి.

సాహసం కావాలనేవాళ్లుంటే ఆదివారాన్ని సెయింట్ డేవిడ్స్‌కి ఇచ్చేయండి, టెన్బీ నుంచి కారులో గంట పైనే. జనాభా రెండు వేల లోపే అయినా అది "సిటీ", బ్రిటన్‌లో జనాభాలో అతి చిన్నది. కథీడ్రల్ గుంతలో ఉంటుంది, దగ్గరికెళ్లేదాకా కనిపించదు. ఆ చుట్టుపక్కలే కోస్టీరింగ్ చేయిస్తారు: వెట్‌సూట్, హెల్మెట్ వేసుకుని రాళ్లెక్కుతూ, నీళ్లలోకి దూకుతూ తీరం వెంట పోవడం. ఆ ఆట వ్యాపారంగా మొదలైందే ఈ ప్రాంతంలో. గైడుతోనే చేయాలి. ఈత రాకపోతే బుకింగ్‌లోనే చెప్పండి, తేలే జాకెట్ ఇస్తారు కాబట్టి చాలాచోట్ల తీసుకుంటారు. అబెరెడీ దగ్గర బ్లూ లగూన్ అని పాత పలకరాయి క్వారీ ఉంది, నీలం రంగు చూసి సొంతంగా పైనుంచి దూకే సరదా మాత్రం వద్దు. దగ్గర్లోని ఫిష్‌గార్డ్ నుంచి ఐర్లండ్‌కి ఫెర్రీ ఉందని గ్రూపులో ఎవరో ఒకరు కనిపెడతారు. మన స్టూడెంట్, వర్క్ వీసాలతో అది కుదరదు, ఐర్లండ్ వీసా వేరే కావాలి.

ఎక్కడికెళ్లినా "బోరె దా" అంటే శుభోదయం, "దియోల్ఖ్" అంటే థాంక్స్. దక్షిణ పెంబ్రోక్‌షైర్‌లో ఎక్కువమంది ఇంగ్లిషే మాట్లాడతారు, అయినా ఈ రెండు మాటలకీ మొహాలు వెలుగుతాయి. వేల్స్‌ని పొరపాటున కూడా "ఇంగ్లండ్" అనకండి. హైదరాబాదులో నిలబడి "మీ ఆంధ్రావాళ్లు" అన్నప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు.

ఆఖరి రోజు

చెకౌట్ ఎక్కువగా పదింటికే. ముందు రాత్రే గిన్నెలు కడిగేయండి. వేల్స్‌లో చెత్తని చాలా రకాలుగా విడదీయాలి, తిండి చెత్తకి వేరే డబ్బా ఉంటుంది. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంటుంది, అది చదివే బాధ్యత లెక్కలు రాసేవాళ్లకివ్వండి. వచ్చిన రోజు, వెళ్లే రోజు గదులన్నీ వీడియో తీసి పెట్టుకుంటే డిపాజిట్ మీద మాట తేడా రాదు.

దారిలో పెండైన్ దగ్గర ఆగండి. ఏడు మైళ్ల చదును ఇసుక. 1924లో మాల్కం క్యాంబెల్ ఇక్కడే గంటకి 146 మైళ్లు దాటించి కారు వేగంలో ప్రపంచ రికార్డు కొట్టాడు. 1927లో అదే ఇసుక మీద పారీ థామస్ రికార్డు ప్రయత్నంలో చనిపోతే, అతని కారు "బాబ్స్"ని ఇసుక దిబ్బల్లోనే పాతిపెట్టారు. 1969లో తవ్వి తీసి బాగుచేశారు. బీచ్‌లో కొంత భాగం రక్షణ శాఖది, బోర్డులు చూసి నడవండి.

మధ్యాహ్నం మూడు లోపు అక్కడి నుంచి కదలాలి. బ్యాంక్ హాలిడే సోమవారం సాయంత్రం ఎం4 మీద న్యూపోర్ట్ దగ్గర బ్రిన్‌గ్లాస్ సొరంగాల ముందు ట్రాఫిక్ ఆగిపోతుంది, అక్కడ 50 పరిమితి, కెమెరాలు కూడా. అప్పుడు స్టీరింగ్ దగ్గర ఉండాల్సింది బాగా నిద్రపోయిన మనిషి. స్ప్లిట్‌వైజ్ లెక్క కారులో ఉండగానే తేల్చేయండి, ఇల్లు చేరాక ఎవరూ ఫోనెత్తరు.